కుంటు నడక ఏమి చెప్పుచున్నది?

మేడమెట్లు ఎక్కి వచ్చుచున్నవారు ఎవరో తలుపు తీయకమునుపే మనము చెప్పగలము. అడుగుల చప్పుడే చాలును. వీధి చివరనుండి ఒక మనిషి వచ్చుచుండగా, ముఖము ఆనవాలు తెలియకముందే నడకనుబట్టి మేనమామగారనో, ఎదురింటి పంతులుగారనో గుర్తుపట్టుదుము. ఇంత పరిచయమైన నడక ఎట్లు జరుగుచున్నదని ఎవరైన అడిగినచో మాత్రము మన నోట మాట రాదు. మోకాలు ఎప్పుడు వంగుచున్నది, మడమ ఎప్పుడు లేచుచున్నది, కుడిచేయి ముందుకు పోవునప్పుడు ఏ కాలు ముందుకు పోవుచున్నది? చెప్పుటకు లేచి నాలుగడుగులు వేసి చూచుకొనవలసినదే. చూచుకొనబోయినచో, గమనించుచున్నామను తలంపుతోనే ఆ నడక మారిపోవును.

వైద్యులకును చాలకాలము ఈ చిక్కే యుండెను. రోగి గదిలో ఈ గోడనుండి ఆ గోడవరకు నడచును. వైద్యుడు చూచును, కుంటుచున్నాడని వ్రాసికొనును. కాని ఆయన కంటబడినదేమి? చెడిన అవయవమా, లేక ఆ చెడుగును సరిపెట్టుకొనుటకు తక్కిన దేహము చేయుచున్న పనియా? నడకమీద సుమారు నూటఏబది సంవత్సరములుగా జరిగిన వైద్యపరిశోధనలో అన్నిటికన్న విలువైన భాగము ఈ ప్రశ్నచుట్టు తిరిగినదే యని మేము తలంచుచున్నాము. ఇది పండితుల వినోదమునకు పుట్టిన ప్రశ్న గాదు. దీనికి తప్పు జవాబు చెప్పుకొన్నందున, కత్తి వేయరానిచోట కత్తి వేయించుకొని, మునుపున్న నడకయు పోగొట్టుకొన్న పిల్లలున్నారు.

ముందుగా ఆరోగ్యవంతుని నడక ఎట్టిదో చూతము. ఒక కాలి మడమ నేలను తాకినది మొదలు అదే మడమ మరల తాకువరకు ఒక ఆవృత్తియని శాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఆ వ్యవధిని నూరు భాగములు చేసినచో, ఆ కాలు సుమారు 60 భాగములు నేలమీదను, 40 భాగములు గాలిలోను ఉండును. రెండవ కాలికిని ఇదే లెక్క గనుక, ఆవృత్తికి రెండుమారులు, మారునకు పది భాగముల చొప్పున, రెండు పాదములును నేలమీద నుండును. పరుగులో ఈ జంటపాదముల క్షణము లేదు. నడకకును పరుగునకును హద్దు అదియే. బురదలో నడచునప్పుడు, చీకటిలో తెలియని ఇంట నడచునప్పుడు మనమీ క్షణమును పొడిగింతుము; పడుదుమేమోనని భయపడు వృద్ధులు పట్టపగలు చదునైన నేలమీదనే పొడిగింతురు.

తక్కిన 80 భాగములు మనము ఒంటికాలిమీద నున్నవారమే. దేహభారమంతయు ఒకచోట చేరినట్లు భావింపదగిన బిందువును గరిమనాభి యందురు. నిలుచున్న మనిషికి అది బొడ్డునకు కొంచెము దిగువను, కటి లోపలను ఉండును. నడచునప్పుడు ఈ బిందువు నేలమీద నానిన కాలిని ఊతగా గొని పైకి లేచి, ఆవలివైపునకు వ్రాలును. తలక్రిందులుగా నిలిపిన లోలకము వంటిది ఈ కదలిక. ప్రతి అడుగునకు నాలుగైదు సెంటీమీటర్లు లేచుట, అంతయే దిగుట. లేచునప్పుడు వేగము తగ్గి ఎత్తు పెరుగును. దిగునప్పుడు ఎత్తు తగ్గి వేగము పెరుగును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటవలన, దేహమును ఎత్తుటకును త్రోయుటకును కావలసిన శక్తిలో దాదాపు మూడింట రెండువంతులు మిగులునని కొలిచి తెలిసికొనిరి. కెన్యా దేశపు స్త్రీలు నెత్తిన బరువు పెట్టుకొని నడచునప్పుడు ఈ మార్పిడి మరింత పొదుపుగా జరుగుచున్నదనియు, తమ బరువులో అయిదవవంతు వరకు మోయుటకు వారికి అదనపు శ్రమ దాదాపు లేదనియు 1986లోను, 1995లోను పరిశోధకులు ప్రకటించిరి. బిందెమీద బిందె పెట్టుకొని, చేయి ఆనింపక, మాటలాడుకొనుచు వచ్చు స్త్రీలను చూచిన మనకు ఇది అంత వింత వార్త కాకపోవచ్చును.

గాలిలో నున్న కాలికి వేరొక పని యున్నది. నేలను తగులకుండ ముందునకు రావలెను. అందుకు మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగును. అంత వంగినను బొటనవ్రేలు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే దాటిపోవును. ఎగుడుదిగుడు బండల అరుగులమీదను, చాపల అంచులమీదను పెద్దలు కాలుతట్టి పడుటకు కారణము ఈ కొద్దిపాటి వ్యవధియే. మోకాలు కొంచెము బిగిసినను, పాదము కొంచెము వ్రేలాడినను, ఆ వ్యవధియు ఉండదు. అప్పుడు దేహము ఊరకుండునా? తుంటిని పైకెత్తును, కాలిని ప్రక్కనుండి అర్ధచక్రముగా త్రిప్పును, లేదా ఆవలి కాలి మునివ్రేళ్లమీద లేచి నిలుచును. చూచువారికి కనబడునవి ఈ మూడే. బిగిసిన మోకాలు మాత్రము ఎవరి కంటను పడదు.

ఈ సంగతులు కంటికి అందునవి గావు. యంత్రములు రావలసి వచ్చెను. 1836లో జర్మనీలో వెబర్ సోదరులు నడకను గూర్చి మొదటి యంత్రశాస్త్ర గ్రంథము వ్రాసిరి. గాలిలోని కాలు కేవలము లోలకమువలె తనంతట తానే ఊగునని వారు భావించిరి. ఇది సగమే నిజమని తరువాత తేలినది. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ పరుగెత్తు గుఱ్ఱమునకు వరుసగా ఛాయాచిత్రములు తీసెను. 1882 నుండి పారిస్ నగరమున మారే యను శాస్త్రజ్ఞుడు, నల్లని దుస్తులు తొడిగి కాళ్లుచేతులవెంట తెల్లని పట్టీలు కుట్టిన మనిషిని నల్లని గోడముందు నడిపించి, ఒకే ఫలకముమీద అతని అడుగులన్నిటిని పట్టెను. మనిషి మాయమై గీతలు మాత్రము మిగులును. నేటి నడక పరీక్షాలయములలో రోగి కీళ్లమీద అంటించు మెరయు గోళికలు ఆ తెల్లని పట్టీల వారసులే.

లీప్‌జిగ్ నగరమున బ్రౌన్, ఫిషర్ అను ఇరువురు ఇంకను ముందునకు పోయిరి. గడ్డకట్టిన శవములను కోసి తూచి, ఏ అవయవమునకు గరిమనాభి ఎచ్చటనో ముందే నిర్ణయించుకొనిరి. పిదప ఒక సైనికుని దేహమునకు విద్యుత్తుతో వెలుగు గాజుగొట్టములు కట్టి, రాత్రివేళ చీకటిలో నడిపించి, పలువైపులనుండి చిత్రములు తీసిరి. ఆ గొట్టములు కట్టుటకే గంటలు పట్టెడిది; నడక మాత్రము కొన్ని క్షణములు. ఆ కొన్ని క్షణముల లెక్కలు కట్టి ప్రకటించుటకు 1895 నుండి 1904 వరకు పట్టినది. బ్రౌన్ నడుమనే, 1892లో, మరణించెను. ఫిషర్ ఒక్కడే కూర్చుండి కాగితముమీద లెక్కలు ముగించెను. మేము ఈ చరిత్రలో అందరికన్న ఎక్కువగా గౌరవించునది ఆయననే. గాలిలోని కాలు లోలకము మాత్రమే కాదనియు, కండరములు దానిని నడిపించుచున్నవనియు ఆ లెక్కలవలననే ఋజువైనది.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి కాళ్లు పోయిన యువకులు వేలసంఖ్యలో ఇండ్లకు చేరిరి. వారికి కృత్రిమ పాదములు చేయుటకు ముందు అసలు పాదము ఏమి చేయుచున్నదో తెలియవలసి యుండెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఇన్మన్ అను శస్త్రవైద్యుడును, ఎబర్‌హార్ట్ అను ఇంజనీరును ఆ పని చేపట్టిరి. ఎబర్‌హార్ట్ తానే ఒక ప్రమాదమున కాలు పోగొట్టుకొన్నవాడు. చర్మము కదలుటచే కొలతలు తప్పుచున్నవని, ఒప్పుకొన్నవారి ఎముకలలోనే సన్నని సూదులు దింపి, ఆ సూదులు తిరుగుటను కొలిచిరి. గరిమనాభి ఎక్కువగా ఎగిరిపడకుండ దేహము ఆరు ఉపాయములు చేయుచున్నదని వారు 1953లో ప్రకటించిన సిద్ధాంతము పాఠ్యగ్రంథముల కెక్కినది. 1990 తరువాత మరింత సూక్ష్మముగా కొలిచినవారు, ఆ ఆరింటిలో కొన్ని చెప్పినంత పని చేయుటలేదని చూపిరి.

ఇక తుంటిని చూతము. ఇంటింట అవసరమైన సంగతి యొకటి ఇందున్నది.

ఈ పుటలు చదువుచున్నవారు ఒక్క నిమిషము లేచి, గోడకు చేయి దగ్గరగా నుంచుకొని, ఎడమ కాలు ఎత్తి కుడి కాలిమీద నిలువుడు. ఎడమవైపు ఊత లేకపోయినను కటి ఎడమకు వ్రాలదు. ఎందుకు? కుడి తుంటి వెలుపలిభాగమున నున్న కండరము కటిని పట్టి లాగి సమముగా నుంచుచున్నది. అక్కడ చేయి పెట్టి చూచినచో ఆ కండరము గట్టిపడుట తెలియును. ఇది తక్కెడవంటిది. తుంటికీలు తక్కెడ ముల్లు. ఒకవైపు పొడవైన కాడ చివర దేహభారము వ్రేలాడుచున్నది. రెండవవైపు పొట్టి కాడను కండరము లాగుచున్నది. పొట్టి కాడను లాగువాడు ఎక్కువ బలముతో లాగవలెను గదా. ముల్లుమీద పడునది ఈ రెండు బలముల మొత్తము. బెర్లిన్ నగరమున బెర్గ్‌మన్, ఆయన సహచరులు కృత్రిమ తుంటికీలులోనే కొలతసాధనము లమర్చి, అవి ధరించిన రోగులను నడిపించి, 2001లో ఫలితములు ప్రకటించిరి. గంటకు 4 కిలోమీటర్ల నడకలో తుంటిమీద పడు బలము సగటున దేహభారమునకు 238 శాతము. అనగా 60 కిలోల మనిషి తుంటి ప్రతి అడుగునకు 140 కిలోలకు పైబడి మోయుచున్నది. మెట్లు దిగునప్పుడు ఇది 260 శాతము.

ఆ కండరము బలహీనపడినను, కీలు అరిగి నొప్పి పుట్టినను ఏమగును? 1895లో జర్మను శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్, పుట్టుకతోనే తుంటి తొలగిన పిల్లలు బాతువలె ఊగుచు నడచుటకు కారణము వెదకి, చెడిన కాలిమీద నిలిచినప్పుడు ఎదుటివైపు కటి దిగజారుచున్నదని చూపెను. చాలమంది ఆ దిగజారుటను అడ్డుకొనుటకు నడుము పైభాగమును చెడిన తుంటివైపునకే వంచుదురు. నొప్పియున్న వైపునకే ఒరగుట మొదట చూచువారికి వింతగా తోచును. తక్కెడను తలచుకొన్నచో వింత లేదు. దేహము ఆవైపునకు ఒరిగినప్పుడు పొడవైన కాడ పొట్టిదగును. కండరము తక్కువ లాగిన చాలును. కీలుమీద బరువు తగ్గును. ఆ కుంటు ఒక లెక్క. ఏ బడిలోను చదువని ముసలమ్మ తుంటి ఆ లెక్క వేసికొన్నది. దానిని చూచి, నిటారుగా నడువుమని గదమాయించు మనుమడు ఆమె కీలుమీద బరువు పెంచుమని చెప్పుచున్నాడన్నమాట.

ఆమెకు చేతికర్ర నిచ్చినచో ఏ చేతికి ఇయ్యవలెను? నొప్పియున్న వైపుననే కర్ర పట్టుకొని నడచువారిని మన వీధులలో తరచుగా చూచుచున్నాము. అది పొరపాటు. కుడితుంటి నొప్పియైనచో కర్ర ఎడమచేతిలో నుండవలెను. కుడికాలితోపాటు ఆ కర్ర ముందునకు పడవలెను. ఎడమచేయి తుంటికి దూరముగా, పొడవైన కాడవైపున నున్నది గనుక, అచ్చట కొద్దిగా ఆనినను కుడితుంటి కండరమునకు చాల శ్రమ తగ్గును. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లో చేతికర్రను పారవేయవద్దని పేరుపెట్టి ఒక వ్యాసమే వ్రాసెను. కర్ర పట్టుటను ముసలితనమునకు ఒప్పుకొనుటగా భావించి, నొప్పితోనే తిరుగువారు ఆనాడు అమెరికాలోను ఉండిరి. కర్ర పొడవు, మనిషి చెప్పులతో నిటారుగా నిలిచి చేయి వ్రేలాడవిడిచినప్పుడు మణికట్టు వరకు వచ్చుట మేలు.

పోలియో వ్యాధిని చూచిన తరమువారికి మరియొక నడక జ్ఞాపకముండును. పిల్లవాడు ప్రతి అడుగునకు వంగి, అరచేయి తొడమీద నానించి నొక్కి, ఆ కాలు దాటించును. తొడ ముందుభాగపు కండరము చచ్చిపోయినచో మోకాలు బరువునకు ఆగక ముడుచుకొనిపోవును. చేయి ఆ కండరమునకు బదులు పనిచేయుచున్నది. ఇట్టి పిల్లలలో కొందరికి మడమ కొంచెము పైకి లేచి, పాదము వ్రేళ్లమీద నానుచుండును. మడమ లేచియుండుట వైకల్యమే గదా, దానిని దింపిన మంచిదని ఎవరికైన తోచును. కాని ముందుపాదము నేల నానునప్పుడు ముంగాలు వెనుకకు త్రోయబడి, మోకాలు నిటారుగా బిగిసి నిలుచును. చచ్చిన కండరము చేయవలసిన పనిని ఆ మడమ వంకర చేసిపెట్టుచున్నది. దానిని పూర్తిగా సరిచేసిన వైద్యుడు చూపునకు అందమైన పాదమును, అడుగు వేయగానే కూలిపోవు మోకాలిని ఇచ్చినవాడగును. పోలియోకు శస్త్రచికిత్స చేసిన అనుభవజ్ఞులు అందుకే కొంత వంకరను కావలెననియే మిగిల్చిరి. అమెరికాలో జాక్వెలిన్ పెర్రీ (1918–2013) అను వైద్యురాలు ఇట్టి రోగుల నడుమ ఏండ్ల తరబడి పనిచేసి, సన్నని తీగలను కండరములలోనికి దింపి, ఏ కండరము నడకలో ఏ క్షణమున మేల్కొనుచున్నది, ఏ క్షణమున నిద్రించుచున్నది వ్రాసిపెట్టెను. మన విశాఖపట్టణమున పోలియో పీడితులకు శస్త్రచికిత్సలు చేసి పేరొందిన సుంకర వెంకట ఆదినారాయణరావుగారికి 2022లో పద్మశ్రీ లభించినది. భారతదేశమున సహజ పోలియో వైరసు సోకిన కడపటి బిడ్డ 2011 జనవరిలో వ్యాధి పడినది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితముగా ప్రకటింపబడినది. తొడమీద చేయి ఆనించు నడక ఇక మన పిల్లలలో కనబడదు. పెద్దవారైన ఆనాటి పిల్లలు మాత్రము మన నడుమ నున్నారు.

పోలియోలో నేర్చిన ఈ పాఠము మరియొక వ్యాధిలో మరల నేర్వవలసి వచ్చెను. ఈమారు మూల్యము పిల్లలు చెల్లించిరి. నెలలు నిండక పుట్టుటవలననో, పుట్టునప్పుడు ప్రాణవాయువు చాలకనో మెదడునకు దెబ్బ తగిలిన బిడ్డలకు కండరములు బిగుసుకొనిపోవును. వైద్యులు దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. వీరిలో పెక్కుమంది మునివ్రేళ్లమీద, మోకాళ్లు రాచుకొనుచు నడతురు. కంటికి కనబడు దోషము లేచిన మడమ గనుక, పిక్కను మడమతో కలుపు త్రాడువంటి బంధమును కోసి పొడిగించుట చాలకాలము వాడుకగా నుండెను. మడమ నేలకు దిగును, తలిదండ్రులు సంతోషింతురు. కాని పిక్క కండరమునకు మనము మరచిపోవు పని యొకటి కలదు. కాలు నేలమీద నున్నప్పుడు ముంగాలు ముందునకు తూలకుండ వెనుకకు పట్టియుంచునది అదియే. అతిగా పొడిగింపబడిన పిక్క ఆ పట్టు వదలును. ముంగాలు ముందునకు వ్రాలును, మోకాలు వంగును, తుంటి వంగును. బిడ్డ సగము కూర్చున్నట్లు నడచును. ఆ భంగిమలో తొడ కండరము క్షణమైన విశ్రాంతి లేక పనిచేయవలెను. దేహము పెరిగి బరువెక్కిన కొలది ఆ శ్రమ భరింపరానిదగును. పదిపన్నెండేండ్లకు కొందరు నడకయే మానివేయుదురు. మునివ్రేళ్లమీదనైనను నడచిన బిడ్డ, చికిత్స పిదప, కుర్చీకి అంటుకొనును.

ఒక శస్త్రచికిత్సతో ఒకచోట వదులు చేసినచో మరియొకచోట బిగువు బయటపడును. మరుసటి యేడు దానికి మరియొక శస్త్రచికిత్స. ఏటేట ఆసుపత్రిలో గడపు ఈ పిల్లల అవస్థకు టొరంటో నగరపు శస్త్రవైద్యుడు మెర్సర్ రాంగ్ ‘పుట్టినరోజు వ్యాధి’ యని చేదైన పేరు పెట్టెను. అమెరికాలో సదర్లాండ్, కూపర్ అనువారు 1978లో ఈ కూర్చున్న నడక ఎట్లు ముదురుచున్నదో కొలతలతో వివరించిరి. తరువాతి సంవత్సరములలో జేమ్స్ గేజ్ మున్నగువారు, బిడ్డను పరీక్షాలయమున నడిపించి, మూడు దిక్కులలో కీళ్ల కోణములు, నేలలో అమర్చిన పలకలమీద పడు బలములు, కండరముల విద్యుత్తు, ఇవి యన్నియు ఒకేమారు చూచి, ఎచ్చట మూలదోషమో, ఎచ్చట సర్దుబాటో వేరుచేసి, చేయవలసిన సవరణలన్నియు ఒకే శస్త్రచికిత్సలో చేయు పద్ధతిని వాడుకలోనికి తెచ్చిరి. బిడ్డ ఒక యేడు కష్టపడును. ప్రతి యేడు కాదు. మన దేశములోను కొన్ని ఆసుపత్రులలో ఇట్టి గదులున్నవి.

యంత్రము చెప్పినదంతయు వేదమని మా భావము కాదు. ఒకే బిడ్డ కొలతలను వేరువేరు నిపుణుల కిచ్చి చూచినప్పుడు అందరి సలహాయు ఒకటి కాలేదు. బిడ్డను చేతులతో తాకి, కీలు వంచి చూచి, తల్లితో మాటలాడవలసిన పని ఏ యంత్రమును తీసివేయలేదు.

ఆరోగ్యముగా నున్న పసిపిల్లల నడకను చూచి కలతపడు తల్లులకు ఒక మాట. సదర్లాండు బృందము ఒకటి నుండి ఏడేండ్ల వయసుగల 186 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను కొలిచి 1980లో ప్రకటించిన దానినిబట్టి, మూడేండ్లు వచ్చునప్పటికి నడక ముఖ్యలక్షణములన్నియు కుదురుకొనును. అంతకుమునుపు కాళ్లు ఎడముగా వేయుట, చేతులు పైకెత్తుకొనుట, పాదమంతయు ఒక్కమారు ఆనించుట సహజము. రెండేండ్ల వరకు కాళ్లు విల్లువలె వంగియుండుట, మూడు నాలుగేండ్లలో మోకాళ్లు లోనికి చేరుట కూడ చాలమందిలో తనంతట తానే సర్దుకొనును. ఒకవైపు మాత్రమే కుంటుట, నడక వచ్చిన బిడ్డ నడక మానుట, ఈ రెండును ఆలస్యము చేయదగినవి కావు. ఏడెనిమిదేండ్లు దాటిన పిల్లలకు మోకాళ్లు లోనికి చేరుట ఎక్కువగుచున్నను చూపవలసినదే. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైన ప్రాంతములలో ఈ వైకల్యమును హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లోనే వర్ణించియున్నారు.

ఇంతవరకు కీళ్లను, కండరములను చూచితిమి. అవి యన్నియు బాగుగనే యుండి మనిషి తూలుట కూడ కలదు. నిలకడకు ముగ్గురు సాక్షులు కావలెను: కన్ను, లోపలి చెవిలోని అర్ధవర్తుల నాళములు, పాదములనుండి కీళ్లనుండి వచ్చు స్పర్శ. బెర్లిన్ వైద్యుడు రోంబెర్గ్ 1840 తరువాత వ్రాసిన గ్రంథములో, వెన్నుపాము చెడిన కొందరు రోగులు పాదములు చేర్చి నిలిచి కన్నులు మూసికొనగానే తూలుదురని వ్రాసెను. సవాయి రోగము ముదిరి వెన్నుపాము వెనుకభాగమును తినివేయుటయే అందుకు కారణమని తరువాత తెలిసినది. కాలినుండి వార్త రాకపోయినను కన్నుతో సరిపెట్టుకొనుచున్నవాడు, కన్నును మూసినచో పడును. ఇచ్చటను తెలివిగా చేసికొన్న సర్దుబాటే దోషమును దాచినది. అంతగా ముదిరిన సవాయి నేడు అరుదు. కాని మధుమేహముతో పాదముల స్పర్శ తగ్గినవారును, బి12 విటమిను చాలనివారును మన ఇండ్లలో తక్కువ కాదు. ముఖము కడుగుకొనుటకు వంగి కన్నులు మూసికొన్నప్పుడు తూలు పెద్దలు, రాత్రి దీపము తీసివేయగానే గోడ పట్టుకొను పెద్దలు ఉన్నచో, అది ముసలితనమని వదలివేయక వైద్యునకు చెప్పవలెను. స్నానపుగదికి పోవు దారిలో రాత్రియంతయు చిన్నదీపము వెలుగుట వారికి మందుతో సమానము.

చెవిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. వియన్నాలో బారనీ యను వైద్యుడు రోగి చెవిని చల్లనినీటితో కడిగినప్పుడు ఒకవైపునకును, వేడినీటితో కడిగినప్పుడు దానికి ఎదురువైపునకును కన్నులు కొట్టుకొనుటను గమనించి, చెవికి తూకముతో గల సంబంధమును పరీక్షించు మార్గము కనిపెట్టెను. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీగా నుండెను.

వృద్ధుల పడుటమీద జరిగిన పరిశోధనలలో మాకు మిక్కిలి నచ్చినది యంత్రములేని ఒక చిన్న పరీక్ష. స్వీడన్ దేశమున ఉమియా నగరమున 58 మంది వృద్ధులతో పరిశోధకులు ప్రక్కన నడచుచు మాట కలిపిరి. 12 మంది జవాబు చెప్పుటకు నడక ఆపి నిలుచుండిరి. తరువాతి ఆరు మాసములలో ఆ 12 మందిలో 10 మంది పడిరి. ఇది 1997లో ప్రకటింపబడినది. నడక తనంతట తాను సాగుచున్నంతకాలము మనసు మాటకు ఖాళీగా నుండును. ప్రతి అడుగునకు మనసు పెట్టవలసి వచ్చినవాడు, మాటకై నిలువవలెను. కంటికి ఏ కుంటును కనబడని నడకలో దాగిన లోపమును ఒక పలకరింపు బయటపెట్టినది. కావున తాతగారు నడచుచున్నప్పుడు వెనుకనుండి పిలువవలదు. ఎదురుగా వచ్చి, ఆయన నిలిచిన పిదప మాటలాడవలెను. 2011లో అమెరికాలో 34,485 మంది వృద్ధుల వివరములు కూర్చి చూచినవారు, మామూలు నడకవేగము వారి శేషజీవితమును చాలవరకు సూచించునని తేల్చిరి. గుండె, ఊపిరి, నరములు, కీళ్లు అన్నియు కలిసి పనిచేసిననే గదా ఆ వేగము.

పరీక్షాలయములన్నియు మొదట పాశ్చాత్యుల నడకకే కొలతలు కట్టినవని మరువరాదు. చదునైన నేలమీద నడచుటకు మోకాలు 60 డిగ్రీలు వంగిన చాలును. గొంతుకు కూర్చుండుటకు 130కి మించి వంగవలెను. బాసిపట్లు వేసి భోజనమునకు కూర్చుండుటకు తుంటి వెలుపలికి తిరుగవలెను. నడక బాగుపడినదని ఇంటికి పంపిన రోగి, పంక్తిలో కూర్చుండలేక, పొలములో పని చేయలేక, మరల వికలాంగుడే యగును. 1968లో జయపురమున డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ, చదువు అంతగా లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన రబ్బరు పాదము ఈ లోపమును చూచి పుట్టినది. చెప్పు లేకుండ నడచుటకు, బురదలో దిగుటకు, గొంతుకు కూర్చుండుటకు అది వీలిచ్చినది. పాశ్చాత్యుల కృత్రిమ పాదమును బూటు తొడుగుటకని చేసిరి.

వైద్యుని యొద్దకు పోవువారు వెంట తీసికొనిపోవలసినవి రెండు కలవు. ఒకటి పాత చెప్పులజత: ఏ ప్రక్క అరిగినదో, ఏ మునివ్రేలు రాచుకొన్నదో అది చూపును. రెండవది, నేడు దాదాపు ప్రతి యింటను ఉన్న చేతిఫోనులో తీసిన కదలు బొమ్మ. పంచెయో చీరయో మోకాలి పైవరకు మడచి, చెప్పులు విప్పి, ఒకమారు ముందునుండి, ఒకమారు వెనుకనుండి, ఒకమారు ప్రక్కనుండి, పాదములు తప్పక కనబడునట్లు పదేసి అడుగులు తీయవలెను. నడచువారికి ముందుగా చెప్పకుండ, వారు వంటింటికి పోవుచున్నప్పుడు తీసినది అన్నిటికన్న మేలు. వైద్యుని గదిలో నడచు నాలుగడుగులు ఎవరికిని సొంత నడక కాదు.